పెరుగు మాత్ర ఎవరికి? గవర్నర్‌పేట మందుల షాపులో నేను నేర్చుకున్నది

ఫార్మసీ చదివి, రేపో మాపో కౌంటరు వెనక నిలబడబోయే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. రాయించింది మా తమ్ముడి కూతురు నజ్మా. ఈ మధ్యనే దానికి ఒక మందుల షాపులో ఉద్యోగం వచ్చింది. మొదటి రోజు డ్యూటీ ముగించుకుని నేరుగా మా ఇంటికొచ్చి, చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టింది.

“ఫుప్పూ, పొద్దున్నించీ ప్రోబయాటిక్ కావాలని ఎంతమంది అడిగారో! అలమారలో డజను రకాలున్నాయి. ఏది ఇవ్వాలో తెలీక, అన్నిట్లోకీ ఎక్కువ కోట్ల బాక్టీరియా ఉందని రాసున్న డబ్బా ఇచ్చేశాను.”

“ఎవరికని అడిగావా?”

“ఎవరికేంటి? కొన్నవాళ్ళకే కదా!”

నాకు నవ్వొచ్చింది. మేనత్తని కాబట్టి నవ్వి ఊరుకోలేదు. భోజనం పెట్టి, తను తింటున్నంతసేపూ నా షాపు కథలు చెప్పాను. చెయ్యి కడుక్కుంటూ, “ఇవి రాసి పెట్టకూడదూ, మా క్లాసు వాళ్ళందరికీ పంపిస్తాను” అంది. అదీ సంగతి. నా జీతం ఎప్పుడు పెరిగింది, లైసెన్సు ఎలా రెన్యూ చేయించాం లాంటివి ఇందులో ఉండవు. అవి ఎవరైనా చెప్తారు.

యజమాని పెట్టిన పేరు

మా షాపు గవర్నర్‌పేటలో లాడ్జీలకీ హోల్‌సేల్ కొట్లకీ మధ్య ఇరుక్కుని ఉండేది. తొంభైల మొదట్లో, పట్టా చేతికొచ్చిన కొత్తలో అక్కడ చేరాను. ఆడపిల్ల, అందులోనూ ముస్లింల అమ్మాయి, మందుల షాపు కౌంటరులో నిలబడటం అప్పట్లో కాస్త వింతే. కొందరు లోపలికొచ్చి నన్ను చూసి, “ఎవరూ లేరా?” అని అడిగేవాళ్ళు.

యజమాని వెంకటరత్నం గారికి మాత్రం ఆ పట్టింపు లేదు. ఆయనది ఉయ్యూరు దగ్గర చెరుకు పండించే కుటుంబం. పొలం అన్నగారికి వదిలేసి బెజవాడ వచ్చి షాపు పెట్టారు. గట్టి గొంతు, అంతకంటే గట్టి నవ్వు. ఉద్యోగంలోకి తీసుకున్న రోజున ఆయన నాతో అన్న మాట ఇది:

“అమ్మాయ్, నీకు మందులు తెలుసు. నాకు జనం తెలుసు. నీకు తెలిసింది నాకు చెప్పు, నాకు తెలిసింది నీకు చెప్తాను. షాపు అదే నడుస్తుంది.”

అప్పట్నించీ ఆయన నాకు బాబాయ్ గారు.

ఆ రోజుల్లో డాక్టర్లు యాంటీబయాటిక్ రాసినప్పుడు, దానితో పాటు పేగుల్లోని మంచి బాక్టీరియా కోసం ఒక కాప్సూలు కూడా రాసేవారు. ఒకసారి గన్నవరం నుంచి వచ్చిన రైతు ఒకాయన ఆ కాప్సూలు పట్టుకుని, “ఇదెందుకండీ?” అని అడిగాడు. నేను వివరంగా చెప్పబోయేలోపే బాబాయ్ గారు అందుకున్నారు.

“పెరుగు తింటావా? అందులో ఉండేదే, మాత్రలో పెట్టిచ్చారు. పెరుగు మాత్ర!”

రైతు మొహం విచ్చుకుంది. ఆ రోజు నుంచి మా షాపులో ఆ పేరే ఖాయమైపోయింది. జనం వచ్చి చీటీ లేకుండానే, “ఓ అట్ట పెరుగు మాత్రలివ్వండి” అనేవాళ్ళు. కొత్త సంగతిని తెలిసిన సంగతితో కలిపి చెప్పడంలో బాబాయ్ గారిని మించినవాళ్ళని నేను చూడలేదు. అయితే ఆ పేరు సగమే నిజం. పెరుగేగా అనుకుంటే, ఎవరైనా ఎప్పుడైనా వేసుకోవచ్చనే ధీమా వచ్చేస్తుంది. ఆ మిగతా సగం తెలియడానికి మా ఇద్దరికీ కొన్నేళ్ళు పట్టింది.

మే నెల పార్సెల్

రెండువేల సంవత్సరం దాటాక ప్రోబయాటిక్ అనే మాట పేపర్లలోకి ఎక్కింది. రోజుకో కంపెనీ వచ్చేది. అందులో ఒకటి ఊళ్ళోని షాపుల వాళ్ళందరినీ హోటలుకి పిలిచి విందు ఇచ్చింది. బాబాయ్ గారు అక్కణ్ణించి చేతిలో ఒక ఫ్లాస్కుతో, నోటినిండా కబుర్లతో వచ్చారు. కంపెనీ ప్రతినిధి మురళి మంచి మాటకారి, మనిషి కూడా మంచివాడు. అతని మాట మీద బాబాయ్ గారు భారీగా ఆర్డరిచ్చేశారు.

సరుకు మే నెలలో వచ్చింది. బెజవాడ మే నెల గురించి ఇక్కడి వాళ్ళకి చెప్పక్కర్లేదు. ఎండలో పెట్టిన స్కూటరు సీటు మీద తడిగుడ్డ వేసుకుని కూర్చునే రోజులవి. పెట్టెలు మామూలు లారీలో వచ్చి, ట్రాన్స్‌పోర్టు ఆఫీసు రేకుల షెడ్డులో పడి ఉండి, ఆ తర్వాత రిక్షాలో మా దగ్గరికి చేరాయి. నేను అట్టపెట్టె మీద చెయ్యి పెడితే అప్పుడే ఇస్త్రీ చేసిన చొక్కాలా వెచ్చగా తగిలింది. పెట్టె పక్కనే ముద్రించి ఉంది, ఫ్రిజ్‌లో ఉంచాలని.

“బాబాయ్ గారూ, ఇవి వెనక్కి పంపించేద్దామండీ.”

“ఎందుకమ్మా? వెచ్చబడితే ఏమైంది? ఫ్రిజ్‌లో పెడితే చల్లబడతాయి.”

“చల్లబడతాయండీ. చచ్చిపోయినవి మళ్ళీ బతకవు. ఇందులో ఉన్నవి ప్రాణమున్న బాక్టీరియా. అవి బతికుంటేనే మందు.”

మురళి అక్కడే ఉన్నాడు. “కంపెనీ లెక్క కంటే ఎక్కువే వేస్తుంది మేడం. కొన్ని పోయినా కొన్ని మిగులుతాయి” అన్నాడు.

“ఎన్ని మిగిలాయో మీరు చెప్పగలరా?”

బాబాయ్ గారు నా వంక చూశారు. ఆయన మొహం ఎర్రబడటం నేను చూసింది అదే మొదటిసారి.

“అందరి ముందూ చెయ్యి కలిపి ఆర్డరిచ్చి వచ్చాను. ఇప్పుడు వెనక్కి పంపితే నా మాటకి విలువేముంటుంది?”

“మీ ఇష్టమండీ. నా చేత్తో మాత్రం ఇవి ఎవరికీ ఇవ్వలేను.”

అనేశాను గానీ, ఉద్యోగం తీసేసి ఇంటికి పంపించేస్తారేమో అనుకున్నాను. కౌంటరులో పనిచేసే ప్రతి ఒక్కరికీ ఏదో ఒక రోజు ఈ మాట అనాల్సిన అవసరం వస్తుంది. వచ్చినప్పుడు మెల్లగా అనండి, గొంతు పెంచకండి. వెనక్కి మాత్రం తీసుకోకండి.

పిన్ని గారి గిన్నెలు

అదే సమయానికి బాబాయ్ గారి భార్య రాజ్యలక్ష్మి గారు కారియరు పట్టుకుని వచ్చారు. ఆవిడని నేను పిన్ని గారనేదాన్ని. మేమిద్దరం చెరో పక్కకి తిరిగి నిలబడటం చూసి సంగతి అడిగారు. విన్నారు. విని, చాలా మామూలుగా అన్నారు:

“దీనికింత గొడవెందుకు? అది పెరుగు మాత్రేగా! బతికుంటే పాలు తోడుకుంటాయి. లేకపోతే లేదు.”

నాకు తెలిసినంతలో ఆ కాప్సూల్లో ఉన్న రకం పాలని తోడుపెట్టేదే. అదృష్టం కొద్దీ, మురళి అంతకు ముందు ఐసు డబ్బాలో తెచ్చిచ్చిన శాంపిలు అట్ట మా ఫ్రిజ్‌లోనే ఉంది. పిన్ని గారు ఆ అట్టా, పార్సెల్లోంచి ఇంకో అట్టా తీసుకుని వెళ్ళిపోయారు.

మర్నాడు షాపు తెరిచేసరికే రెండు స్టీలు గిన్నెలు ఒళ్ళో పెట్టుకుని రిక్షా దిగారు. మురళి కూడా వచ్చాడు, రాకుండా ఉండలేకపోయాడనుకుంటాను. మూతలు తీస్తే, ఫ్రిజ్‌లోని శాంపిలు వేసిన పాలు గట్టిగా కాకపోయినా పుల్లటి వాసనతో తోడుకున్నాయి. పార్సెల్లోది వేసిన గిన్నె వంచితే పాలు పాలలాగే పారాయి.

బాబాయ్ గారు రెండు గిన్నెల్లోనూ వేలు ముంచి నాకి చూశారు. ఆ తర్వాత ఆ గట్టి నవ్వు మొదలైంది. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూశారు.

“మురళీ, నీ సైన్యం అంతా దారిలోనే పడిపోయిందయ్యా!”

మురళి కూడా నవ్వేశాడు. ఆ పెట్టెలు తనే దగ్గరుండి రిక్షా ఎక్కించాడు. అంతటితో ఆగలేదు, పై వాళ్ళతో పోట్లాడి, ఆ తర్వాత బెజవాడకి వచ్చే సరుకంతా థర్మోకోల్ పెట్టెల్లో ఐసు పెట్టి వచ్చేలా చేశాడు. అమ్మేవాళ్ళని మొదటి రోజే శత్రువుల్లా చూడకండి. సాక్ష్యం కళ్ళముందు పెడితే మారే మనుషులు వాళ్ళలోనూ ఉంటారు.

ఎద్దు ఫెయిలైన పరీక్ష

ఇక్కడితో కథ సుఖంగా ముగియాలి. కానీ బాబాయ్ గారికి పరీక్షల పిచ్చి పట్టింది. షాపులో ప్రోబయాటిక్ అని పేరున్న ప్రతిదీ ఇంటికి పట్టుకెళ్ళి పాలల్లో వేయడం మొదలుపెట్టారు. గిన్నెలు చాలక పిన్ని గారి గోల. “మీ బాబాయ్ గారు కాఫీకి పాలుంచట్లేదమ్మా” అని నాకు ఫోను.

ఒకరోజు నేను సెలవులో ఉండగా ఆయన ఒక రకం పొడి మందు పొట్లాలన్నీ అలమారలోంచి తీసి కింద పడేశారు. “ఇది దొంగ సరుకు, పాలు తోడుకోలేదు” అని, చీటీతో వచ్చిన ఒక తల్లిని వెనక్కి కూడా పంపించేశారు. ఆ చీటీ రాసింది పిల్లల డాక్టరు అనసూయ గారు. మర్నాడు పొద్దున్నే ఆవిడ ఫోను.

“షాహీన్, మీ ఓనరు గారు నా మందుని పాలల్లో వేసి ఫెయిల్ చేశారట, నిజమేనా?”

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. అవతల ఆవిడ మాత్రం పడీ పడీ నవ్వుతోంది. సాయంత్రం ఇంటికెళ్తూ కారాపి షాపులోకే వచ్చింది. బాబాయ్ గారు స్టూలు వేసి, తన పరీక్ష గురించి గర్వంగా వివరించారు. ఆవిడ అంతా శ్రద్ధగా విని అడిగింది:

“రత్నం గారూ, మీ ఊళ్ళో ఎద్దు పాలివ్వట్లేదని అమ్మేస్తారా?”

బాబాయ్ గారు ఒక్క క్షణం ఆలోచించి, అర్థమయ్యాక కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు.

అప్పుడు డాక్టరమ్మ చెప్పింది. ఆ పొట్లంలో ఉన్నది అసలు బాక్టీరియా కాదు, ఈస్టు. పాలు తోడుపెట్టడం దాని పని కాదు. యాంటీబయాటిక్ వాడుతున్నప్పుడు కూడా చావకుండా పనిచేస్తుందనే ఆవిడ దాన్ని రాసింది. బాక్టీరియాలోనూ కొన్ని రకాలు గింజ కట్టినట్టు గట్టి పొరలో నిద్రపోతూ ఉంటాయి, అవి వేడికీ తట్టుకుంటాయి, వాటికి ఫ్రిజ్ అక్కర్లేదు. ఒక్కోదాని పని ఒక్కోటి. “మొన్న ఒకే సరుకుని రెండు రకాలుగా నిలవచేసి పోల్చారు కాబట్టి మీ ఆవిడ పరీక్ష పనికొచ్చింది. అన్నిటికీ అదే కొలబద్ద పెడితే మంచి మందు చెత్తబుట్టలో పడుతుంది” అంది.

వెళ్ళబోతూ ఇంకో మాట చెప్పింది. “నెల తక్కువ పుట్టిన పసివాళ్ళకి ఇవి ఇవ్వాలంటే నేను ఎంత ఆలోచిస్తానో! ఎంత మంచిదైనా బతికున్న సూక్ష్మజీవే. రోగనిరోధక శక్తి లేని ఒంట్లోకి డాక్టరుకి తెలీకుండా పంపకూడదు.”

బాబాయ్ గారు మర్నాడు ఆ తల్లి ఇల్లు కనుక్కుని, పొట్లాలు స్వయంగా ఇచ్చి వచ్చారు.

అట్ట మీద ఏం చదవాలి

ఆ తర్వాత నేను ఎలా ఎంచేదాన్నో చెప్తాను. ముందు చూసేది జీవి పూర్తి పేరు. మన ఇంటిపేరు, పేరు లాంటి జీనస్, స్పీషీస్ రాస్తే చాలదు. ఏ స్ట్రెయినో, అంటే ఏ రకపు వంశానిదో తెలిపే అక్షరాలో అంకెలో పక్కన ఉండాలి. ఒకే పేరున్న ఇద్దరు మనుషులు ఒకే పని చేయలేనట్టే, ఒక రకం మీద తేలిన ఫలితం దాని చుట్టానికి వర్తించదు. వచ్చిన సమస్యకి ఆ రకాన్ని మనుషుల మీద పరీక్షించారా అని ప్రతినిధిని అడగండి. తెలిసినవాడు ఆ పరీక్షల కాగితం తెస్తాడు, తెలియనివాడు కంపెనీ పెన్ను బహుమతిగా ఇస్తాడు.

ఇక కోట్ల సంగతి. నజ్మా పడ్డ గోతిలో అందరూ పడతారు. ఎక్కువ అంకె ఉన్నది ఎక్కువ మంచిది కాదు. పరీక్షల్లో పనిచేసిన మోతాదు ఎంతో అది ఉండాలి. అదీ తయారైన రోజు లెక్కైతే లాభం లేదు, గడువు తేదీ దాకా ఉంటుందని అట్ట మీద రాసి ఉండాలి. నిలవచేసే పద్ధతి చదవండి, మీరు పాటించండి, కొన్నవాళ్ళకి కూడా చెప్పండి. గవర్నర్‌పేటలో కొని, బస్సులో అవనిగడ్డ దాకా ఒళ్ళో పెట్టుకుని వెళ్ళే మనిషికి ఫ్రిజ్‌లో ఉండాల్సిన మందు ఇవ్వడం దండగ. బయట నిలవుండే రకంలో సరైనది ఉందేమో డాక్టరుని అడగండి. షుగరు దగ్గర్నించి మోకాళ్ళ నొప్పుల దాకా అన్నీ తగ్గుతాయని రాసి ఉన్న డబ్బాని నేనైతే అలమారలోకే రానిచ్చేదాన్ని కాదు.

పిల్లలకి విరేచనాలైతే ఓఆర్‌ఎస్ ముందు. ప్రోబయాటిక్ దాని పక్కన నిలబడే మందు, దాని స్థానంలో నిలబడేది కాదు. బాక్టీరియా రకమైతే యాంటీబయాటిక్‌కీ దానికీ మధ్య రెండు మూడు గంటలు ఎడం ఉంచమనండి. మొదట్లో కడుపు కాస్త ఉబ్బరిస్తే కంగారు పడక్కర్లేదని చెప్పండి. ఏ ఇబ్బందీ లేని మనిషి ఊరికే అడిగితే, “ఇంట్లో పెరుగు ఉందిగా” అని పంపించేయండి. అమ్మకం పోతుంది, మనిషి మాత్రం మళ్ళీ మీ దగ్గరికే వస్తాడు.

ఇదంతా పుస్తకాల్లోనూ దొరుకుతుంది. అన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఏమిటో మాత్రం నాకు ఇబ్రహీంపట్నం సాంబయ్య వల్ల మనసుకి ఎక్కింది.

ఎవరికని అడిగితే

సాంబయ్య ఇబ్రహీంపట్నంలో ఆటో తోలేవాడు. ఒక మధ్యాహ్నం ఆటో బయట ఆపి, కౌంటరు దగ్గరికి ఆదరాబాదరాగా వచ్చాడు.

“బాబూ, పెరుగు మాత్రల్లో మంచివి ఇవ్వండి. మా పక్కింటాయన చెప్పాడు, విరేచనాలకి బాగా పనిచేస్తాయంట.”

ఈసారి బాబాయ్ గారి చేతిలో ఉన్నది నిజంగానే మంచి సరుకు. మా ఫ్రిజ్‌లోంచే తీశారు. సంచిలో వేస్తుండగా నేను అడిగాను.

“ఎవరికయ్యా?”

“మా అమ్మకండి.”

“ఇంకేమైనా మందులు వాడుతోందా?”

“కాన్సర్ వైద్యం జరుగుతోందండి. పోయిన వారమే సెలైనులో మందెక్కించారు. మాటిమాటికీ సూది గుచ్చకుండా ఛాతీ దగ్గర గొట్టం కూడా పెట్టారండి.”

బాబాయ్ గారి చెయ్యి ఆగిపోయింది. నేనేమీ అనకముందే ఆయన కాప్సూళ్ళ అట్ట సంచిలోంచి తీసి వెనక్కి పెట్టేశారు. రోగనిరోధక శక్తి లేని ఒంటి గురించి డాక్టరమ్మ చెప్పిన మాట ఆయనకి గుర్తుందని అప్పుడర్థమైంది.

“జ్వరం ఏమైనా ఉందా?” అని అడిగాను.

“పొద్దున్నించి ఒళ్ళు కాస్త వెచ్చగానే ఉందండి. చలిగా ఉందంటోంది. విరేచనాలతో నీరసం కదా అనుకున్నాం.”

కీమో మందు ఎక్కిన వారం తర్వాత తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయి, పైగా అలాంటి గొట్టం గుండా సూక్ష్మజీవులు నేరుగా రక్తంలోకి పోగలవు. అప్పుడొచ్చే జ్వరాన్ని ఇంట్లో ఉంచుకోకూడదు. సాంబయ్య జేబులో ఆసుపత్రి కార్డు ఉంటే ఆ నంబరుకి ఫోన్ చేశాను. అవతల డాక్టరు గారు నా మాట పూర్తి కాకముందే, “ఇప్పుడే తీసుకురమ్మనండి. దారిలో ఎక్కడా ఆగొద్దనండి” అన్నారు.

ఆ మాట చెప్పగానే సాంబయ్య మొహం పాలిపోయింది. ఆటో తాళం తీస్తుంటే చేతిలోంచి జారిపోయింది. బాబాయ్ గారు వంగి ఆ తాళం తీసి తన జేబులో వేసుకున్నారు.

“నువ్వు తోలొద్దు. నా వ్యాను ఎక్కు. అమ్మాయ్, వీళ్ళ ఎదురింటి నంబరు అడిగి ఫోన్ చేసి పెద్దావిణ్ణి తయారుగా ఉంచమను.”

షాపు తెరిచి ఉన్న వేళ ఆయన గల్లాపెట్టె వదిలి వీధి దాటగా నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజు చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళిపోయారు. పొద్దుగూకే వేళకి ఆసుపత్రి నుంచి ఫోన్ చేశారు. “చేర్చుకున్నారమ్మా. రక్తంలోకి ఇన్‌ఫెక్షన్ పాకిందంట. మందులు మొదలెట్టారు. సమయానికే తెచ్చారన్నారు.”

సాంబయ్య తల్లి నాగరత్నమ్మ కొన్ని రోజులు గట్టి పోరాటమే చేసింది. చివరికి జ్వరం తగ్గింది, కణాలు పెరిగాయి, మిగిలిన వైద్యం సాగింది. ఒక్కో కబురూ సాంబయ్య తెచ్చినప్పుడల్లా బాబాయ్ గారు పక్క కొట్లకి కూడా వినబడేలా మళ్ళీ చెప్పేవారు.

నిజం చెప్పాలి. ఆ రోజు ఆ కాప్సూళ్ళు వేసుకుంటే ఆవిడకి ఏమయ్యేదో నేను చెప్పలేను. ఏమీ కాకపోనూ వచ్చు. మేము ఎవరికని అడిగాం కాబట్టి కాన్సర్ వైద్యం, గొట్టం సంగతి తెలిసింది, అది తెలిసింది కాబట్టి జ్వరం గురించి అడిగాం. మందు మంచిదా కాదా అని మాత్రమే చూసి ఉంటే, మంచి మందు చేతికిచ్చి, ఆవిణ్ణి ఇంట్లోనే ఉంచేవాళ్ళం. మన ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే నేను చెప్పే జవాబు ఇదే. అలమారకేసి తిరిగే ముందు మనిషి వైపు తిరగాలి.

భోజనం వేళ

చలికాలం మొదట్లో ఒక మధ్యాహ్నం మేము కారియర్లు విప్పబోతుంటే ఆటో వచ్చి ఆగింది. సాంబయ్య చెయ్యి పట్టుకుని ఒక పెద్దావిడ దిగింది. తలమీద అప్పుడే మొలుస్తున్న తెల్ల వెంట్రుకలు, పసుపు రాసుకున్న మొహం. నాగరత్నమ్మని నేను చూడటం అదే మొదలు.

“ఎవరికని అడిగింది నువ్వేనా అమ్మా?” అని నా గడ్డం పట్టుకుంది. ఆ తర్వాత బాబాయ్ గారి వైపు తిరిగి, “అయ్యా, డాక్టరు బాబు ఇవాళ నా వైద్యం అయిపోయిందన్నాడు. పెరుగు కూడా తినొచ్చన్నాడు. ఇన్నాళ్ళూ ఇంట్లో తోడేసింది ముట్టుకోవద్దన్నారు. పెరుగన్నం లేని భోజనం భోజనమేనా చెప్పండి? చారుతో ముగించి లేచిపోతుంటే ఏడుపొచ్చేది” అంది.

“ఇంటికెళ్ళి తింటుందంటండీ, ముందు మీకు చెప్పి వెళ్దామంది” అన్నాడు సాంబయ్య.

“ఇంటిదాకా ఎందుకు?” అన్నారు బాబాయ్ గారు. పిన్ని గారు పంపిన కారియరులో పెరుగన్నం ఉన్న అడుగు గిన్నె తీసి, చెంచాతో సహా ఆవిడ ముందు పెట్టారు. నాగరత్నమ్మ మొహమాటపడలేదు. చెంచా పక్కన పెట్టేసి, చెయ్యి కడుక్కుని, వెనక గదిలో స్టూలు మీద కూర్చుంది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. మేము ముగ్గురం తలుపు దగ్గర నిలబడి చూస్తూ ఉండిపోయాం. చీటీలు పట్టుకుని బయట నిలబడ్డవాళ్ళు కూడా ఎవరూ తొందరపెట్టలేదు.

ఆవిడ గిన్నె ఖాళీ చేసి, వేలు నాకి, “తోడు కాస్త ఎక్కువైంది. చెప్పు మీ ఆవిడకి” అంది.

బాబాయ్ గారు ఆ రోజు ఎదురు హోటల్లో ఇడ్లీ తిని కడుపు నింపుకున్నారు. సాయంత్రం ఇంటికెళ్ళి ఆ మాట పిన్ని గారికి చెప్పే ధైర్యం ఆయనకి లేక, నన్ను ఫోన్ చేయమన్నారు. నేను చేశాను. విని పిన్ని గారు, “రేపు కూడా రమ్మనమ్మా. పులవని తియ్యటి పెరుగు తెస్తాను” అన్నారు.